సాక్షి స్వరం, సంపాదకుని కలం: పెర్పెటువా చెరసాల కథనం - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

క్రీ.శ. 203లో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్ నగరంలో రోమన్ పాలకులు మరణశిక్ష విధించిన క్రైస్తవులలో విబియా పెర్పెటువా ఒకరు. ఆమె చెరసాలలో స్వయంగా రాసుకున్నట్లు చెప్పే కథనం ‘పెర్పెటువా, ఫెలిసిటాస్‌ల హతసాక్ష్యం’ అనే లాటిన్ రచనలో భాగంగా నిలిచింది. ఒక స్త్రీ తన అనుభవాన్ని ఉత్తమ పురుషలో చెప్పిన తొలి క్రైస్తవ రచనల్లో దీనికి ప్రముఖ స్థానం ఉంది. ఈ రచనలో పెర్పెటువా స్వరానికీ, ఆమె మరణాన్ని వర్ణించిన సంపాదకుని స్వరానికీ మధ్య ఉన్న భేదాన్ని, ఆ రెండింటి నడుమ ఫెలిసిటాస్ అనే బానిస స్త్రీకి దక్కిన స్థానాన్ని, అనంతర కాలంలో ఈ సాక్ష్యం పొందిన మార్పులను పరిశీలించడం ఈ వ్యాసం ముఖ్యోద్దేశం.

కీలకపదాలు: హతసాక్షి, పెర్పెటువా, ఫెలిసిటాస్, కార్తేజ్, ఉత్తమ పురుష కథనం, సంపాదకత్వం, స్త్రీ స్వరం.

1. ఉపోద్ఘాతం:

విశ్వాసం కోసం ప్రాణాలు విడిచినవారిని తెలుగు క్రైస్తవ వాఙ్మయం ‘హతసాక్షి’ అంటుంది. తెలుగు బైబిల్‌లోని ప్రకటన గ్రంథంలో ఈ పదం కనిపిస్తుంది. కథోలిక సంప్రదాయంలో ‘వేదసాక్షి’ అనే మాట కూడా వాడుకలో ఉంది. ఈ రెండు పదాలకూ మూలమైన గ్రీకు పదానికి తొలి అర్థం కేవలం ‘సాక్షి’. న్యాయస్థానంలో తాను చూసినది, ఎరిగినది చెప్పే వ్యక్తి అని భావం. కాలక్రమంలో ఆ పదానికి మరణం అనే అర్థం తోడైంది. తెలుగు సమాసం ఆ చేరికను దాచకుండా చెబుతుంది. ‘హత’ అనే విశేషణం ముందు నిలిచి, ‘సాక్షి’ తరువాత వస్తుంది.

ఈ పదక్రమం హతసాక్షుల చరిత్రలన్నింటికీ వర్తించే ఒక సమస్యను సూచిస్తుంది. హతుడైన సాక్షి తన మరణాన్ని తాను చెప్పలేడు. దానిని మరొకరు చెప్పాలి. చెప్పే క్రమంలో సాక్షి పలికిన మాట కంటే, సాక్షి పొందిన మరణమే ప్రధానమవుతుంది. తొలి క్రైస్తవ హతసాక్షుల చరిత్రల్లో అధికభాగం ఇతరులు రాసినవే. పెర్పెటువా రచన దీనికి భిన్నం. ఇందులో సాక్షి మాట, ఆమె మరణాన్ని చెప్పిన మరొకరి మాట పక్కపక్కనే ఉన్నాయి. అందువల్ల ఈ రెండింటినీ పోల్చి చూసే అవకాశం విమర్శకునికి లభిస్తుంది.

2. చారిత్రక నేపథ్యం - రచనా నిర్మాణం:

సెప్టిమియస్ సెవెరస్ రోమన్ చక్రవర్తిగా ఉన్న కాలం అది. క్రైస్తవ మతంలోకి మారడాన్ని ఆయన నిషేధించాడని తరువాతి రోమన్ చరిత్ర గ్రంథం ఒకటి చెబుతున్నా, ఆ నిషేధాజ్ఞ ప్రామాణికతను ఆధునిక చరిత్రకారులు పలువురు శంకించారు. కార్తేజ్‌లో బాప్తిస్మం కోసం సిద్ధమవుతున్న యువజనులను అధికారులు నిర్బంధించారు. రెవొకాటుస్, అతని తోటి బానిస ఫెలిసిటాస్, సాటర్నినుస్, సెకుందులుస్, పెర్పెటువా ఆ బృందంలోనివారు. వారి బోధకుడైన సాటూరుస్ తరువాత తానే వచ్చి లొంగిపోయాడు. చక్రవర్తి కుమారుడు గేటా జన్మదినం సందర్భంగా జరిగిన క్రీడా ప్రదర్శనలో వారిలో అప్పటికి జీవించి ఉన్నవారిని మృగాలకు అప్పగించారు. సంప్రదాయం ఆ రోజును మార్చి 7గా గుర్తుంచుకుంది.

పెర్పెటువా వయస్సు అప్పటికి దాదాపు 22 సంవత్సరాలు. మంచి కుటుంబంలో పుట్టి, చదువుకుని, గౌరవప్రదంగా వివాహమాడిన స్త్రీ అని, పాలు తాగే పసికందు ఆమెకు ఉన్నాడని సంపాదకుడు పరిచయం చేస్తాడు. ఆమె భర్త మాత్రం రచనలో ఎక్కడా కనిపించడు.

ఈ రచన 21 అధ్యాయాలుగా విభజితమై ఉంది. 1, 2 అధ్యాయాలు సంపాదకుని పీఠిక, పరిచయం. 3 నుంచి 10 వరకు పెర్పెటువా కథనం. 11 నుంచి 13 వరకు సాటూరుస్ చూసిన దర్శనం. 14 నుంచి 21 వరకు సంపాదకుడు చెప్పిన మరణ వృత్తాంతం. అంటే ఒకే గ్రంథంలో మూడు స్వరాలున్నాయి. క్రీడలకు ముందు రోజు వరకు జరిగినది తాను రాశాననీ, ఆపైన జరగబోయేదానిని ఇష్టమున్నవారు రాయవచ్చుననీ చెప్పి పెర్పెటువా తన కథనాన్ని ముగిస్తుంది. సంపాదకుడు ఆ మాటను తనకు లభించిన ఆదేశంగా స్వీకరిస్తాడు. అయితే పెర్పెటువా ఒక ఖాళీని విడిచింది. ఆ ఖాళీని ఏ రీతిలో నింపాలో చెప్పలేదు. సంపాదకుని స్వాతంత్ర్యమంతా అక్కడే మొదలవుతుంది.

కర్తృత్వం విషయంలో పండితుల మధ్య ఏకాభిప్రాయం లేదు. కథనం పెర్పెటువాదేనని అధికసంఖ్యాకులు అంగీకరించగా, అది మరొకరు ఆమె గొంతుతో అల్లిన రచన కావచ్చునని కొందరు వాదించారు. ఒకప్పుడు తెర్తుల్లియనే సంపాదకుడనే ఊహ కూడా ప్రచారంలో ఉండేది. అది నిర్ధారణ కాలేదు. అయితే మూడు భాగాల మధ్య శైలీభేదం ఉందన్నది పాఠ్యంలోనే కనిపించే విషయం. పెర్పెటువా వాక్యాలు చిన్నవి, ఎక్కువగా ‘మరియు’ వంటి సముచ్చయాలతో సాగేవి. సంపాదకుని వాక్యాలు అలంకారశాస్త్ర శిక్షణను చూపేవి. వాక్యాంత లయలో కూడా భేదముందని ఇరవయ్యవ శతాబ్దపు పరిశోధకులు గుర్తించారు. జర్మన్ విమర్శకుడు ఎరిక్ అవర్‌బాక్ క్రైస్తవ సాహిత్యంలోని నిరాడంబర శైలిని చర్చిస్తూ ఈ రచనను ఉదాహరణగా తీసుకున్నాడు. కాబట్టి కర్తృత్వ వివాదం ఎటు తేలినా, స్వరభేద పరిశీలనకు పాఠ్యాధారం ఉంటుంది.

3. తండ్రి - కుమార్తె:

పెర్పెటువా కథనంలో తండ్రి నాలుగుసార్లు ప్రవేశిస్తాడు. మొదటిసారి విశ్వాసం విడిచిపెట్టమని కోరినప్పుడు ఆమె ఎదురుగా ఉన్న ఒక పాత్రను చూపి, దానిని దాని పేరుతో కాక మరొక పేరుతో పిలవగలమా అని అడుగుతుంది. తానూ అలాగే క్రైస్తవురాలిని కాక మరొకటి కాలేనంటుంది. ఇంటి వస్తువుతో చేసిన ఈ వాదంలో వేదాంత పరిభాష లేదు. తండ్రికి కోపం కలిగించింది ఆ వాదంలోని సూటిదనమే.

రెండవసారి వచ్చిన తండ్రి మనిషి మారిపోయాడు. సోదరులందరికంటే ఆమెనే ఎక్కువగా ప్రేమించానని గుర్తుచేస్తాడు. చేతులు ముద్దాడి, కాళ్లమీద పడి, కుమార్తెగా కాక యజమానురాలిగా సంబోధిస్తాడు. రోమన్ కుటుంబంలో తండ్రికున్న అధికారాన్ని దృష్టిలో ఉంచుకుంటే ఈ సంబోధన ఎంతటి తలకిందుల స్థితో తెలుస్తుంది. మూడవసారి న్యాయవిచారణలో, మరణించిన ప్రాంతాధికారి స్థానంలో విచారణ జరుపుతున్న హిలారియానుస్ ఆమెను తండ్రి నెరిసిన జుట్టునూ, బిడ్డ పసితనాన్నీ చూసైనా చక్రవర్తుల క్షేమం కోసం బలి అర్పించమంటాడు. ఆమె నిరాకరిస్తుంది. అడ్డుపడిన తండ్రిని బెత్తంతో కొట్టిస్తారు. ఆ దెబ్బ తనకే తగిలినట్లు బాధపడ్డానని ఆమె రాస్తుంది. చివరిసారి అతడు గడ్డం పీక్కుంటూ నేలమీద పడతాడు. ఆమె అతని వృద్ధాప్యాన్ని చూసి దుఃఖిస్తుంది.

గమనించదగిన అంశమేమిటంటే, పెర్పెటువా తండ్రిని దుష్టపాత్రగా చిత్రించలేదు. అతని మాటల్లో సైతాను వాదం ఉందని ఒకచోట అన్నా, అతని బాధను ఒక్కసారి కూడా తక్కువ చేయలేదు. విశ్వాసం గెలిచిందని చెప్పడానికి ప్రేమ అబద్ధమని చెప్పవలసిన అవసరం ఆమెకు కలగలేదు. ఆమె సాక్ష్యంలోని విశ్వసనీయతకు ఇది ముఖ్యకారణం.

4. మాతృత్వం - దేహం:

చెరసాలలోని చీకటి, జనసమ్మర్దం వల్ల పుట్టిన వేడి, సైనికుల దౌర్జన్యం, అన్నిటికంటే మిన్నగా బిడ్డ గురించిన బెంగ: తొలి రోజుల బాధలను పెర్పెటువా ఈ క్రమంలో చెబుతుంది. టెర్టియుస్, పొంపోనియుస్ అనే పరిచారకులు లంచమిచ్చి కొన్ని గంటలపాటు మెరుగైన చోటుకు మార్పించినప్పుడు, ఆకలితో సొమ్మసిల్లిన బిడ్డకు ఆమె పాలిస్తుంది. తరువాత బిడ్డను తనతో ఉంచుకోవడానికి అనుమతి లభించగానే చెరసాల తనకు రాజభవనంలా తోచిందని అంటుంది. శిక్ష ఖరారైన తరువాత బిడ్డను పంపమని అడిగితే తండ్రి నిరాకరిస్తాడు. అయితే ఆనాటి నుంచి బిడ్డ పాలు కోరలేదనీ, తన రొమ్ములకు బాధ కలగలేదనీ ఆమె రాసింది. దీనిని దైవానుగ్రహంగానే భావించింది. అయినా ఆ అనుగ్రహాన్ని ఆమె గుర్తించింది ఒక బాలింత మాత్రమే చెప్పగల శరీరానుభవం ద్వారా. ఆధ్యాత్మిక సాహిత్యంలో దేహాన్ని జయించవలసిన శత్రువుగా చెప్పే ధోరణికి ఇది భిన్నమైనది.

5. స్వప్న దర్శనాలు:

పెర్పెటువా నాలుగు దర్శనాలను చెబుతుంది. మొదటిదానిలో ఆకాశాన్ని తాకే ఇరుకైన కంచు నిచ్చెన, దానికి ఇరువైపులా కత్తులు, ఈటెలు, కొక్కేలు, అడుగున ఒక ఘటసర్పం. ఆమె ఆ సర్పం తలనే మొదటి మెట్టుగా తొక్కి పైకి వెళుతుంది. అక్కడ తోటలో నెరిసిన జుట్టుగల గొర్రెల కాపరి పాలు పితుకుతూ, ఆమెను బిడ్డా అని పిలిచి, గడ్డకట్టిన పాల ముద్దను అందిస్తాడు. మెలకువ వచ్చాక కూడా నోట తీపి మిగిలి ఉంటుంది. రెండవ, మూడవ దర్శనాలు ఏడేళ్ల వయసులో ముఖవ్యాధితో మరణించిన తమ్ముడు డినోక్రటీస్‌ను గురించినవి. మొదట అతడు దాహంతో, అందనంత ఎత్తు అంచుగల నీటి తొట్టి వద్ద నిలబడి ఉంటాడు. ఆమె ప్రార్థనల తరువాత అంచు కిందికి దిగి, అతడు దాహం తీర్చుకుని ఆడుకోవడానికి వెళతాడు. నాలుగవదానిలో ఆమె మల్లరంగంలో ఒక ఐగుప్తీయునితో పోరాడుతుంది. వస్త్రాలు తొలగించగా తాను పురుషునిగా మారినట్లు చూస్తుంది. అతనిని ఓడించి, అతని తలపై కాలుమోపి, బంగారు పండ్లున్న కొమ్మను బహుమానంగా పొంది ‘జీవద్వారం’ వైపు నడుస్తుంది.

ఈ దర్శనాలను పై సన్నివేశాలతో కలిపి చదివినప్పుడు ఒక అంతర్నిర్మాణం వ్యక్తమవుతుంది. స్వప్నంలోని నెరిసిన జుట్టు కాపరి ఆమెను బిడ్డా అని పిలిచిన తరువాతి అధ్యాయంలోనే, నెరిసిన జుట్టు తండ్రి ఆమెను కుమార్తె అని పిలవడం మానేస్తాడు. నాలుగవ దర్శనంలో బహుమానమిచ్చే మహాకాయుడు ఆమెను మళ్లీ కుమార్తెగా సంబోధిస్తాడు. కోల్పోయిన బంధుత్వం స్వప్నంలో తిరిగి లభిస్తోంది. అలాగే తల్లిగా పాలిచ్చిన స్త్రీ, స్వప్నంలో పాలు అందుకునే బిడ్డ అవుతుంది. సర్పం తలపైనా, ప్రత్యర్థి తలపైనా మోపిన పాదం మొదటి, చివరి దర్శనాలను కలుపుతుంది. ఈ పొందిక బుద్ధిపూర్వకమా, స్వప్నసహజమా అన్న చర్చ ఎలా ఉన్నా, చదువుకున్న ఒక యువతి తన అనుభవానికి తానే అర్థం కల్పించుకుంటున్నదన్నది స్పష్టం. దర్శనాలకు ఆమె వ్యాఖ్యానం కూడా తానే చెప్పింది. ఆ పనిని ఇతరులకు వదలలేదు.

6. సంపాదకుని చూపు:

సంపాదకుడు తన వంతు కథనంలో పెర్పెటువా ధైర్యాన్ని తగ్గించలేదు. స్త్రీలకు ధాన్యదేవత సెరెస్ పూజారిణుల దుస్తులు తొడగబోయినప్పుడు ఆమె వాదించి ఆపించడం, చెరసాలలో కాఠిన్యం చూపిన సైనికాధికారిని నిలదీసి వసతులు సాధించడం అతడే నమోదు చేశాడు. ఆమె చూపు ముందు ప్రేక్షకుల చూపులు వాలిపోయాయని కూడా రాశాడు.

అయితే రంగస్థలంలో అతని దృష్టి మారుతుంది. పెర్పెటువా, ఫెలిసిటాస్‌లపైకి ఒక మదించిన ఆవును వదులుతారు. వారిని వివస్త్రలను చేసి వలలో తెచ్చినప్పుడు, ఒకరి సౌకుమార్యాన్నీ, మరొకరి బాలింత దేహాన్నీ చూసి జనమే చలించి, వస్త్రాలిప్పించి తిరిగి పంపుతారు. ఆవు విసిరివేసినప్పుడు పెర్పెటువా చినిగిన వస్త్రాన్ని తొడపైకి లాక్కున్నదనీ, బాధ కంటే మర్యాదనే ఎక్కువగా తలచినదనీ సంపాదకుడు వ్యాఖ్యానిస్తాడు. జుట్టు విరబోసుకోవడం శోకచిహ్నం కనుక సూది అడిగి ముడి వేసుకున్నదనీ చెబుతాడు.

ఇక్కడే రెండు స్వరాల మధ్య భేదం తేటతెల్లమవుతుంది. పెర్పెటువా స్వప్నంలోనూ వివస్త్రత ఉంది. కానీ అక్కడ అది మల్లయోధుని సన్నద్ధత. సంపాదకుని వర్ణనలో అదే వివస్త్రత అవమానం. దానికి సమాధానం సిగ్గు. ఆమె తనను పోరాడే వ్యక్తిగా చూసుకుంది. అతడు ఆమెను చూడబడే స్త్రీగా చూశాడు. ఆమె నిజంగా వస్త్రం సవరించుకుని ఉండవచ్చు. ఆ చర్య కంటే దానికి అతడు చెప్పిన కారణమే ప్రశ్నార్హం. ఆ కారణాన్ని నిర్ధారించగల ఏకైక సాక్షి అప్పటికే కలం దించింది.

మరణ సన్నివేశంలో మాత్రం రెండు స్వరాలు తిరిగి దగ్గరవుతాయి. అనుభవంలేని యోధుని కత్తి ఎముకకు తగిలినప్పుడు, వణుకుతున్న అతని చేతిని ఆమే తన గొంతు వద్దకు నడిపిస్తుంది. ఆమె ఇష్టపడకపోతే ఆమెను చంపడం సాధ్యమయ్యేది కాదేమో అని సంపాదకుడు ఆశ్చర్యపోతాడు. చివరికి ఆమెను కర్తగానే ఒప్పుకోవలసి వచ్చింది.

7. ఫెలిసిటాస్ - రెండవ సాక్షి:

పెర్పెటువా స్వరానికి ప్రాధాన్యమిచ్చే విమర్శ సాధారణంగా దాటవేసే అంశం ఒకటుంది. పెర్పెటువా కథనంలో ఫెలిసిటాస్ పేరు లేదు. సాటూరుస్ దర్శనంలోనూ లేదు. బానిస స్త్రీ అయిన ఆమె మనకు తెలిసేది సంపాదకుని ద్వారానే.

ఎనిమిదవ నెల గర్భంతో ఉన్న ఫెలిసిటాస్, గర్భిణులకు మరణశిక్ష అమలు చేయకూడదనే నియమం వల్ల తన సహచరులకు దూరమై, ఆపై నేరస్థుల మధ్య మరణించవలసి వస్తుందని దుఃఖించింది. సహచరులు ప్రార్థించగా నెలలు నిండకముందే ప్రసవించింది. ప్రసవ వేదనలో కేకలు పెడుతుంటే, మృగాల ముందు ఏం చేస్తావని ఒక చెరసాల సేవకుడు ఎత్తిపొడిచాడు. ఇప్పటి బాధ తనదనీ, అప్పుడు తనలో ఉండి తన కోసం బాధపడేవాడు వేరొకడుంటాడనీ ఆమె బదులిచ్చింది. పుట్టిన ఆడబిడ్డను క్రైస్తవ సోదరి ఒకామె పెంచుకుంది.

ఒక్క జవాబుతోనే ఫెలిసిటాస్ తన విశ్వాసాన్నీ, వేదననూ వేరుచేయకుండా చెప్పగలిగింది. బాధ లేదని అనలేదు. కానీ ఆ జవాబు మరొకరి కలం ద్వారానే మిగిలింది. అందువల్ల సంపాదకుని పాత్రను కేవలం స్త్రీ స్వరాన్ని కప్పివేసినదిగా నిర్ణయించడం ఏకపక్షమవుతుంది. అతని చూపు పెర్పెటువాను ఒక మూసలోకి తెచ్చింది. అదే చూపు ఫెలిసిటాస్‌ను మరపు నుంచి కాపాడింది. రంగస్థలంలో పడిపోయిన ఫెలిసిటాస్‌కు పెర్పెటువా చేయి అందించి లేపిన దృశ్యం కూడా సంపాదకుడు ఇచ్చినదే. ప్రభు కుటుంబపు స్త్రీ, బానిస స్త్రీ సమానంగా నిలిచిన ఆ క్షణం పెర్పెటువా దినచర్యలో చోటుచేసుకోలేనిది. చదువూ, రాసే అవకాశమూ ఉన్నవారి సాక్ష్యమే స్వీయస్వరంతో మిగులుతుందన్న సామాజిక సత్యాన్ని ఈ రచన తన నిర్మాణంలోనే చూపుతోంది.

8. వారసత్వం:

పెర్పెటువా ప్రభావం త్వరగానే వ్యాపించింది. తెర్తుల్లియన్ తన ఆత్మవిచార గ్రంథంలో ఆమె దర్శనాన్ని ప్రస్తావించాడు. క్రీ.శ. 354 నాటి రోమన్ పంచాంగంలో ఇద్దరి పేర్లూ మార్చి 7న నమోదయ్యాయి. రోమన్ కథోలిక దివ్యబలిపూజా ప్రార్థనలోనూ వారి పేర్లు చేరాయి. కార్తేజ్‌లో వారి సమాధి ఉన్న బసిలికా పూజ్యస్థలమైంది. 1907లో జరిగిన తవ్వకాల్లో హతసాక్షుల పేర్లున్న శాసన శకలాలు బయటపడ్డాయి. ఇటలీలోని రవెన్నా నగరపు మొజాయిక్ చిత్రాల్లో వారి రూపాలున్నాయి.

గౌరవం పెరిగిన కొద్దీ పాఠ్యం మారింది. తరువాతి కాలపు సంక్షిప్త రూపాల్లో విచారణ సంభాషణలు పెరిగాయి. మూలంలో లేని భర్త ప్రవేశించాడు. మూలంలో బిడ్డ కోసం తపించిన తల్లి, అక్కడ బిడ్డను పక్కకు నెట్టివేసే వీరవనితగా మారింది. అగస్టీన్ వారి పండుగ రోజున చేసిన ప్రసంగాల్లో ఇద్దరి పేర్లను కలిపి ‘శాశ్వతానందం’ అనే శ్లేషను సాధించాడు. స్త్రీ దేహంలోని పురుష ధైర్యాన్ని మెచ్చాడు. అదే సమయంలో, డినోక్రటీస్ దర్శనాన్ని సిద్ధాంతానికి ఆధారం చేసుకున్నవారిని ఖండిస్తూ, ఈ రచన ప్రామాణిక లేఖనాల్లో చేరినది కాదని హెచ్చరించాడు. ఆమె మరణానికి పండుగ ఉంది. ఆమె మాటకు హద్దు ఏర్పడింది.

మూలపాఠం ఆధునిక పాఠకులకు తిరిగి అందడానికి చాలా కాలం పట్టింది. మోంటే కాసినో మఠంలో లూకాస్ హోల్‌స్టేనియుస్ గుర్తించిన లాటిన్ ప్రతి 1663లో అచ్చయింది. జెరూసలేంలో లభించిన గ్రీకు పాఠాన్ని రెండెల్ హారిస్ 1890లో ప్రకటించాడు. 1984లో పీటర్ డ్రాంకే మధ్యయుగ రచయిత్రులను గురించిన తన గ్రంథాన్ని పెర్పెటువాతోనే ఆరంభించడం ఆమెను పుణ్యస్త్రీగానే కాక రచయిత్రిగా గుర్తించిన ముఖ్య సందర్భాల్లో ఒకటి.

9. ముగింపు:

1. పెర్పెటువా కథనంలో విశ్వాసం, పుత్రికా ప్రేమ, మాతృత్వం పరస్పర విరుద్ధాలుగా కాక ఒకే అనుభవంలోని అంశాలుగా వ్యక్తమయ్యాయి. తరువాతి రూపాలు ఈ సంక్లిష్టతను తొలగించి వీరత్వాన్ని మాత్రమే నిలిపాయి.

2. వివస్త్రత అనే ఒకే అంశాన్ని స్వప్నంలో పెర్పెటువా, రంగస్థలంలో సంపాదకుడు చూసిన తీరులోని భేదం, స్వీయ కథనానికీ పర కథనానికీ ఉన్న అంతరాన్ని నిరూపిస్తుంది.

3. ఫెలిసిటాస్ విషయంలో సంపాదకుడే ఏకైక ఆధారం. కాబట్టి పర కథనాన్ని తిరస్కరించడం పరిష్కారం కాదు. ఎవరి మాట ఎక్కడ ముగిసి, ఎవరి మాట ఎక్కడ మొదలవుతుందో గుర్తిస్తూ చదవడమే సరైన పద్ధతి.

4. ‘హతసాక్షి’ అనే తెలుగు పదంలో ఉత్తరపదం సాక్షి. హతసాక్షుల చరిత్రలను తెలుగులోకి తెచ్చేవారు, బోధించేవారు మూడు స్వరాలను కలిపి ఒకే పుణ్యకథగా మలచినప్పుడు పూర్వపదం మాత్రమే మిగులుతుంది. స్వరాలను వేరుగా నిలిపినప్పుడే ఆ స్త్రీలు చెప్పదలచినది పాఠకునికి చేరుతుంది.